ముందు అద్దం, ఆ తర్వాతే క్రీమ్

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కళ్ల గురించే. చూపు గురించి కాదు, కళ్ల చుట్టూ ఉన్న చర్మం గురించి. కింద నలుపు, కొసల్లో ముడతలు, ఉబ్బు, గుంటలు. దాదాపు అందరూ చివర్లో అడిగింది ఒకటే: "ఏ క్రీమ్ రాయమంటారు?" ఆ నలుపు ఏ రంగులో ఉంది, ఎప్పటి నుంచి ఉంది, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్నది మాత్రం ఒకరిద్దరు తప్ప ఎవరూ రాయలేదు. ఓపీలో నేను మొదట అడిగేవి అవే. చర్మ వైద్యంలో ఇన్నేళ్లుగా ఉన్నా, "కళ్ల కింద నలుపు" అన్న ఒక్క ముక్క విని మందు రాయడం నాకు చేతకాదు. అందుకని పేజీ మొత్తం ఈ విషయానికే ఇస్తున్నాను. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు.

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. కాలేజీ రోజుల నుంచే కళ్ల కింద నల్లగా ఉంటుంది. రాత్రి ఎనిమిది గంటలు హాయిగా నిద్రపోతాను. అయినా ఆఫీసులో రోజూ ఎవరో ఒకరు "రాత్రి నిద్ర లేదా?" అని అడుగుతారు. ఇప్పటికి మూడు రకాల ఐ క్రీములు మార్చాను. ఇసుమంత తేడా లేదు. నాలుగోది ఏది కొనమంటారు?

జవాబు: నాలుగోది కొనకండి. చేతి అద్దం తీసుకుని పగటి వెలుగు పడే కిటికీ దగ్గరికి వెళ్లండి. బాత్‌రూమ్ లైటు పైనుంచి పడుతుంది, దాని కింద నిలబడితే ఎవరికైనా కళ్ల కింద నల్లగానే కనిపిస్తుంది. ముఖాన మేకప్ ఉండకూడదు.

ముందు రంగు చూడండి. గోధుమ రంగులో ఉందా, నీలం, ఊదా కలిసినట్టు ఉందా? తర్వాత గడ్డం పైకెత్తి ముఖాన్ని వెలుగుకు ఎదురుగా పెట్టండి. నలుపు చాలావరకు పోయిందంటే అది రంగు కాదు, నీడ. ఇప్పుడు చూపుడువేలితో కింది రెప్ప చర్మాన్ని మెల్లగా బుగ్గ వైపు లాగండి. గోధుమ రంగు చర్మంతో పాటే జరిగి అలాగే ఉంటే అది మెలనిన్, అంటే చర్మంలోనే చేరిన రంగు. లాగినకొద్దీ నీలం ఇంకా కొట్టొచ్చినట్టు కనబడితే అవి చర్మం కింద ఉన్న రక్తనాళాలు.

కింది రెప్ప మీద ఉండేది ఉల్లిపొర లాంటి చర్మం. మిల్లీమీటరు మందం కూడా ఉండదు. ఒంట్లో ఇంత పలచని చర్మం ఇంకెక్కడా లేదు. దాని అడుగున మిగతా చోట్ల ఉన్నట్టు కొవ్వు పొర ఉండదు, నేరుగా కన్ను మూసే గుండ్రటి కండరం, దాని రక్తనాళాలు ఉంటాయి. అందుకే కొందరికి ఆ నీలం పైకి తేలుతుంది. నిద్ర తక్కువైన రోజు ముఖం పాలిపోతుంది, రెప్పలు కాస్త ఉబ్బుతాయి, దాంతో ఉన్న నలుపు మరింత కనిపిస్తుంది. అంతేగానీ నిద్ర లేకపోవడం వల్ల చర్మంలో మెలనిన్ పుట్టుకురాదు. మీ ఆఫీసు వాళ్లకు ఈ పేజీ చూపించండి.

ఇక మందుల సంగతి. రంగు రకం అయితే క్రీములు పనిచేస్తాయి, కానీ ఓపిక కావాలి. అజెలాయిక్ యాసిడ్, విటమిన్ సి, తక్కువ మోతాదు రెటినాల్ లాంటివి కనీసం రెండు మూడు నెలలు వాడాకే తేడా తెలుస్తుంది. మూడు వారాలకోసారి ట్యూబు మారిస్తే ఏదీ పనిచేయదు. వీటన్నిటికంటే ముందు సన్‌స్క్రీన్. గోధుమ, నలుపు ఛాయ ఉన్నవాళ్లకు ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా రంగు పెంచుతుంది. మామూలు తెల్ల సన్‌స్క్రీన్ దాన్ని పెద్దగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే టింటెడ్ సన్‌స్క్రీన్ ఆపుతుంది. లేబుల్ మీద ఆ పేరు వెతకండి.

రక్తనాళాల రకం అయితే కెఫీన్ ఉన్న క్రీములు నాళాలను కాసేపు కుంచించి కొన్ని గంటలు మేలు చేస్తాయి. సాయంత్రానికి మళ్లీ మామూలే. తల కింద ఇంకో దిండు పెట్టుకుంటే పొద్దున ఉబ్బు తగ్గుతుంది. లేజర్లు ఉన్నాయి, కానీ ముదురు ఛాయ చర్మం మీద అనుభవం లేని చెయ్యి పడితే కాలి కొత్త మచ్చ మిగులుతుంది. తొందరపడొద్దు.

నీడ రకానికి ప్రపంచంలో ఏ క్రీమూ పనిచేయదు. ముక్కు పక్క నుంచి బుగ్గ వైపు దిగే గాడి లోతుగా ఉండటం వల్లో, దాని పైన కొవ్వు సంచిలా ముందుకు పొడుచుకు రావడం వల్లో అక్కడ నీడ పడుతుంది. ఎంత ఖరీదైన సీసా అయినా గాడిని పూడ్చదు కదా. దానికి ఫిల్లర్లు, సర్జరీ ఉన్నాయి, వాటి గురించి కింద ఇంకో ఉత్తరంలో రాశాను.

చాలామందిలో రెండు మూడు రకాలు కలిసే ఉంటాయి. మీకు కాలేజీ రోజుల నుంచి ఉంది, నిద్రతో సంబంధం లేదు, క్రీములకు లొంగలేదు. నా అనుమానం వంశపారంపర్యంగా వచ్చిన రంగు, దాని మీద కొంత నీడ. మీ అమ్మగారి ఇప్పటి ఫొటో కాదు, ఆవిడ మీ వయసులో ఉన్నప్పటి ఫొటో ఒకటి తీసి చూడండి. అక్కడా అదే నలుపు కనిపిస్తే దాన్ని పూర్తిగా పోగొడతామని ఎవరు చెప్పినా నమ్మకండి. తగ్గించవచ్చు, అంతే. ఒక పని చేయండి. ఒకే కిటికీ దగ్గర, ఒకే సమయంలో, ఇవాళ ఒక ఫొటో, మూడు నెలల తర్వాత ఒక ఫొటో తీసుకోండి. రోజూ అద్దంలో చూసుకునే కంటికి తేడా తెలియదు.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. కళ్ల కింద ఎవరో కొట్టినట్టు నీలంగా ఉంటుంది. పొద్దున లేవగానే వరుసగా తుమ్ములు, ముక్కు దిబ్బడ. కళ్లు నులుముకుంటూనే ఉంటాడు. రక్తం తక్కువై ఉంటుందని మా అత్తగారు అంటున్నారు.

జవాబు: రక్తపరీక్ష చేయిస్తే నష్టం లేదు. రక్తహీనతలో ముఖం పాలిపోయి నలుపు ఎక్కువగా కనబడుతుంది కూడా. కానీ తుమ్ములు, దిబ్బడ, నులుముకోవడం, ఈ మూడూ కలిపి మీరే జవాబు రాసేశారు. ఇది అలర్జీ. ముక్కు లోపలి పొర వాచినప్పుడు కళ్ల కింది సిరల్లో రక్తం సాఫీగా వెనక్కి వెళ్లదు, అక్కడే నిలిచి నీలంగా కనిపిస్తుంది. కింది రెప్ప అంచు కింద అదనంగా ఒక మడత, ముక్కు మీద అడ్డంగా ఒక గీత ఉన్నాయేమో చూడండి. ఆ గీత అరచేత్తో ముక్కును పైకి తోసి తోసి వస్తుంది. ఓపీ గదిలోకి రాగానే పిల్లలు అలా చేయడం చూస్తే సగం రోగం అక్కడే తెలిసిపోతుంది.

వాడి కళ్ల కింద ఏ క్రీమూ రాయకండి. పిల్లల డాక్టరు గారికో ఈఎన్‌టీ డాక్టరు గారికో చూపించి ముక్కుకు వైద్యం చేయించండి. ముక్కు బాగుపడితే నీలం దానంతటదే తగ్గుతుంది. నులుముకోవడం మాత్రం ఇప్పుడే మాన్పించాలి. తడిపిన చల్లటి గుడ్డ కళ్ల మీద పెడితే దురద తగ్గుతుంది. నులమడం వల్ల చర్మం నల్లబడటం, మందమవడం ఒక ఎత్తు. ఏళ్ల తరబడి గట్టిగా నులిమితే కంటి ముందున్న పారదర్శక పొర, కార్నియా, పలచబడి శంకువులా ముందుకు సాగే జబ్బుకు దారి తీయవచ్చు. అప్పుడది చూపు సమస్య అవుతుంది. కళ్లద్దాల నంబరు తరచూ మారుతున్నా, చూపు మసకగా ఉందన్నా కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: వయసు 45. వృత్తిరీత్యా రోజంతా కారు నడుపుతాను. కంటి కొసల్లో గీతలు నవ్వకపోయినా కనిపిస్తున్నాయి. అదీ కిటికీ వైపు ఉన్న కంటికే ఎక్కువ. ఇది నా భ్రమా?

జవాబు: భ్రమ కాదు. కారు ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేస్తారు, అది అతినీలలోహిత కిరణాలను దాదాపుగా ఆపేస్తుంది. చాలా కార్లలో పక్క అద్దం అలాంటిది కాదు. చర్మాన్ని కమిలించే యూవీబీని ఆపుతుంది గానీ, లోపలికి దిగి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ను విరిచే యూవీఏలో కొంత భాగాన్ని లోనికి వదిలేస్తుంది. అందుకే కారులో కూర్చుంటే చర్మం కమలదు, కానీ ముడత పడుతుంది. 2012లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో 69 ఏళ్ల డెలివరీ ట్రక్కు డ్రైవర్ ఫొటో వచ్చింది. 28 ఏళ్లు బండి నడిపాడు. కిటికీ వైపు చెంప లోతైన మడతలతో దళసరిగా ఉంటుంది, రెండో చెంప అదే మనిషిదేనా అనిపిస్తుంది. చర్మ వైద్యం చదివేవాళ్లకు ఎండ గురించి పాఠం చెప్పాలంటే ఆ ఒక్క ఫొటో చాలు.

కంటి కొస గీతలు రెండు దశల్లో వస్తాయి. మొదట నవ్వినప్పుడు, కళ్లు చికిలించినప్పుడు మాత్రమే పడతాయి. కొల్లాజెన్ తగ్గినకొద్దీ చర్మం మునుపటిలా వెనక్కి సర్దుకోదు, గీత అక్కడే నిలిచిపోతుంది. మీది రెండో దశ. ఇందులో వయసు వాటా ఉంది, ఎండ వాటా ఎక్కువ, పొగ తాగే అలవాటుంటే దాని వాటా కూడా తక్కువేం కాదు. ఇంకోటి, కళ్లద్దాలు అవసరమై పెట్టుకోనివాళ్లు రోజంతా చికిలిస్తూనే ఉంటారు. మీకు 45 వచ్చాయి, ఒకసారి కంటి పరీక్ష చేయించుకోండి. యూవీ 400 అని రాసి ఉన్న, పక్కల నుంచి కూడా కప్పే నల్లద్దాలు కొనండి. రంగు ముదురుగా ఉన్నంత మాత్రాన అద్దం కిరణాలను ఆపదు, ఆ ముద్ర ముఖ్యం.

సన్‌స్క్రీన్ కంట్లోకి కారి మంట పుడుతుందని మగవాళ్లు మానేస్తుంటారు. జింక్ ఆక్సైడ్‌తో చేసినవి, ముఖ్యంగా కర్రలా ఉండే స్టిక్ రకం, అంతగా కారవు. ఎస్‌పీఎఫ్ 30 లేదా 50 చాలు, కానీ మధ్యాహ్నం మళ్లీ రాయాలి.

ఉన్న గీతలకు మందుల్లో గట్టి ఆధారం ఉన్నది రెటినాయిడ్లకే, అంటే విటమిన్ ఏ జాతి మందులకే. వాటిలో ఒకటైన ట్రెటినాయిన్‌ను ముందు మొటిమలకు వాడేవారు. వాడినవాళ్ల చర్మం నునుపెక్కడం గమనించి, ఎండకు పాడైన చర్మానికి దాన్ని పరీక్షించింది అమెరికాకు చెందిన ఆల్బర్ట్ క్లిగ్‌మన్. ఆ పరిశోధన 1986లో వెలువడింది. అప్పటి నుంచి ఎన్ని కొత్త పేర్లు వచ్చినా దాని పీట దానికే ఉంది. అయితే కంటి దగ్గర బోల్డంత రాస్తే ఎర్రబడి, పొలుసులు రాలి, వారానికే మానేస్తారు. తేలికపాటి రెటినాల్‌తో మొదలుపెట్టండి. రాత్రి ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక, రెండు కళ్లకూ కలిపి బియ్యపు గింజ పరిమాణంలో తీసుకుని, కంటి కింద తగిలే ఎముక అంచు మీద ఉంగరపు వేలితో అద్దండి. రెప్ప మీద వద్దు, రెప్ప వెంట్రుకల దాకా వద్దు. పైన మాయిశ్చరైజర్. మొదటి నెల వారానికి రెండు రాత్రులే. ఆరు నెలలకు ఫలితం చూడండి. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు రెటినాయిడ్ జోలికి వెళ్లకూడదు, ఇది మీకు కాదు, ఈ జవాబు చదివే మిగతావారికి.

ప్రశ్న: స్నేహితురాలు ఇచ్చిన తెల్ల క్రీమ్ రెండు వారాల్లో కళ్ల కింద నలుపును తీసేసింది. డబ్బా మీద కంపెనీ పేరు సరిగా లేదు. మానేస్తే నలుపు రెట్టింపై వస్తోంది, దురద కూడా. ఎన్నాళ్లు వాడవచ్చు?

జవాబు: ఇవాళ్టి దాకా, అంతకు మించి వద్దు.

రెండు వారాల్లో నలుపు తీసేసే క్రీమ్ అంటే నాకు మూడు అనుమానాలు వస్తాయి. మొదటిది స్టెరాయిడ్. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటి పేర్లుంటే అదే. మొదట ముఖం వెలిగిపోతుంది. తర్వాత చర్మం పలచబడి నాళాలు కనిపిస్తాయి, మానగానే ఎర్రబడి మండుతుంది, ఆ మంటకు భయపడి మళ్లీ రాస్తారు. మీరు చెప్పిన లక్షణాలు సరిగ్గా ఇవే. అదీ కంటి పక్కన నెలల తరబడి రాస్తే కంటిలోకి దిగి లోపలి ఒత్తిడి పెంచుతుంది, గ్లాకోమా రావచ్చు, శుక్లాలు రావచ్చు. గ్లాకోమా నొప్పి పెట్టకుండానే చూపును తినేస్తుంది. రెండోది హైడ్రోక్వినోన్. డాక్టరు చూస్తుండగా కొన్నాళ్లు వాడితే మంచి మందే. ఇష్టానికి ఏళ్ల తరబడి రాస్తే కొందరిలో నీలి నలుపు మచ్చలు దిగిపోతాయి, అవి వదిలించడం మా తరం కూడా కాదు.

మూడోది పాదరసం. మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది కాబట్టి తెలుపు చేసే క్రీముల్లో దొంగచాటుగా కలుపుతారు. చర్మం గుండా ఒంట్లోకి వెళ్లి కిడ్నీలను, నరాలను దెబ్బతీస్తుంది. రాసుకున్నవాళ్ల చేతి నుంచి ఇంట్లో పసిపిల్లలకు కూడా అంటుతుంది. 2013లో కుదిరిన మినమాటా ఒప్పందంలో దేశాలు పాదరసం ఉన్న సౌందర్య క్రీములను ఆపాలని రాసుకున్నాయి కూడా, అయినా దొరుకుతూనే ఉన్నాయి. డబ్బా మీద కాలోమెల్, మెర్క్యురస్ క్లోరైడ్, మెర్క్యూరియో అన్న మాటలుంటే, లేదా "బంగారం, వెండి నగలకు తగలనివ్వకండి" అన్న హెచ్చరిక ఉంటే అందులో పాదరసం ఉందనే అనుకోండి. పాదరసం నగలను పాడుచేస్తుంది, ఆ హెచ్చరిక అందుకే.

డబ్బా పారేయకండి, మూత పెట్టి కవర్లో వేసి చర్మ డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. స్టెరాయిడ్ అయితే ఎలా మానాలో వారు చెబుతారు, మానిన తొలి వారాల మంటకు వేరే మందులున్నాయి. కంటి డాక్టరు దగ్గర కంటి ఒత్తిడి కొలిపించుకోండి. ఆ స్నేహితురాలిని కూడా వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: పై రెప్పల మీద దురద, పొలుసులు, ఇప్పుడు నల్లటి మరక. నేను కంటికి ఏ మేకప్పూ వేయను. కాబట్టి అలర్జీ కాదు కదా?

జవాబు: ఆ "కాబట్టి" దగ్గరే తేడా వచ్చింది. రెప్పలకు వచ్చే అలర్జీలో దోషి కంటికి రాసేదే అయి ఉండనక్కర్లేదు. గోళ్ల రంగు చూడండి. గోళ్ల చుట్టూ చర్మం దళసరి, దానికి ఏమీ కాదు. అదే వేలు రోజుకు ఎన్నోసార్లు రెప్పను తాకుతుంది, అక్కడి పలచని చర్మం ఊరుకోదు. జుట్టు రంగు ఇంకో పాత నేరస్థురాలు. అందులోని పీపీడీ అనే రసాయనం పడనివాళ్లకు తలలో చిన్న దురదే ఉండి, పొద్దున్నే రెప్పలు బూరెల్లా వాచి ఉంటాయి. షాంపూ, పరిమళాలు, కళ్లజోడు ఫ్రేములోని నికెల్, కంటి చుక్కల్లోని ప్రిజర్వేటివ్ కూడా ఈ జాబితాలో ఉన్నాయి.

గోళ్ల రంగు, జుట్టు రంగు, పరిమళం ఉన్న క్రీములు ఒక నెల ఆపి చూడండి. తగ్గకపోతే ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. వీపు మీద అనుమానమున్న పదార్థాల చుక్కలు పట్టీలతో అతికించి, రెండు రోజుల తర్వాత తీసి చూస్తారు, ఇంకో రెండు రోజులాగి మళ్లీ చూస్తారు. ఆ నాలుగు రోజులు వీపు తడపకూడదు, అదొక్కటే ఇబ్బంది. మరక గురించి ఇప్పుడే బెంగ వద్దు. దురద ఆగాక కొన్ని నెలల్లో అది పలచబడుతుంది. దురద ఆగకుండా మరకకు మందు రాస్తే మరక పెరుగుతుంది.

ప్రశ్న: గ్లాకోమాకు రోజూ రాత్రి కంటి చుక్కలు వేసుకుంటున్నాను. ఏడాదిగా రెప్పలు నల్లబడ్డాయి, కళ్లు లోపలికి పోయినట్టున్నాయి. వయసు 61. చుక్కలు ఆపి చూడనా?

జవాబు: ఆపకండి. లాటనోప్రోస్ట్, బిమాటోప్రోస్ట్, ట్రావోప్రోస్ట్ రకం చుక్కలతో రెప్పల చర్మం నల్లబడటం, రెప్ప వెంట్రుకలు పొడవవడం, కంటి చుట్టూ కొవ్వు తగ్గి గుంటపడటం తెలిసిన విషయమే. చర్మం నలుపు మందు మార్చాక మెల్లగా తగ్గవచ్చు. పోయిన చూపు తిరిగి రాదు. మందు మార్చాలా వద్దా అన్నది మీ కంటి డాక్టరు గారు నిర్ణయించాలి. ఈలోపు చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూల మీద ఒకటి రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకోండి, బయటికి కారినదాన్ని వెంటనే తుడిచేయండి. రెప్ప వెంట్రుకలు పెరగడానికని అమ్మే కొన్ని సీరమ్‌లలో కూడా ఈ జాతి మందే ఉంటుంది. అవి రాసి రెప్పలు నల్లబడ్డాయని వచ్చే అమ్మాయిలు ఈ జవాబు గమనించాలి.

ప్రశ్న: వయసు 51. బొటాక్స్ చేయించుకుంటే కళ్ల కింద గుంటలు పోతాయని ఒకరు, ఫిల్లర్ చేయించుకోమని ఒకరు అంటున్నారు. రెండూ సూదులేగా, తేడా ఏమిటి? భయంగా కూడా ఉంది.

జవాబు: సూదులే, కానీ పనులు పూర్తిగా వేరు. బొటాక్స్ కండరాన్ని కొన్నాళ్లు సడలిస్తుంది. కాబట్టి నవ్వినప్పుడు కంటి కొసల్లో పడే గీతలకు బాగా పనిచేస్తుంది. గుంటకు అసలు పనిచేయదు. ఫిల్లర్ గుంటను నింపుతుంది, గీతలను ఆపదు.

ఈ బొటాక్స్ కథ సరదాగా ఉంటుంది. కెనడాలోని వాంకూవర్‌లో జీన్ కారుథర్స్ అనే కంటి డాక్టరు, రెప్పలు వాటంతటవే బిగుసుకుపోయే జబ్బుకు దీన్ని ఇచ్చేవారు. ఒక పేషెంటు కనుబొమల మధ్య కూడా వేయమని అడిగింది, అక్కడ వేస్తే తన ముఖం ప్రశాంతంగా కనబడుతోందని. జీన్ భర్త ఆలిస్టర్ చర్మ డాక్టరు. ఇద్దరూ కలిసి పరీక్షించి 1992లో ఆ ఫలితాలు ప్రచురించారు. అమెరికాలో కనుబొమల మధ్య గీతలకు 2002లో, కంటి కొస గీతలకు 2013లో అనుమతి వచ్చింది. వేసిన కొన్ని రోజులకు పని మొదలై, రెండు వారాలకు పూర్తిగా తెలుస్తుంది, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. నచ్చకపోయినా ఆ మూడు నాలుగు నెలలే. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, కండరాల బలహీనత జబ్బులున్నవారికి వేయరు.

ఫిల్లర్ విషయంలో మీ భయం అక్కరకొచ్చే భయమే. వాడేది హైలురోనిక్ యాసిడ్ జెల్. సరైన లోతులో, కొద్దిగా వేస్తే గుంట నీడ అప్పటికప్పుడే తగ్గుతుంది. పైపైన వేస్తే పలచని చర్మం గుండా నీలంగా కనబడుతుంది, నలుపు పోగొట్టుకోబోయి నీలం తెచ్చుకున్నట్టు. అరుదే అయినా అసలు ప్రమాదం రక్తనాళంలోకి పోవడం. అప్పుడు చర్మం చచ్చుబడవచ్చు, చూపు కూడా పోవచ్చు. కాబట్టి వేసేవారిని మొహమాటం లేకుండా అడగండి: మీ అర్హత ఏమిటి, ఈ జెల్‌ను కరిగించే హైలురోనిడేజ్ మీ దగ్గర ఇప్పుడు ఉందా? రెండో ప్రశ్నకు తడబడితే లేచి వచ్చేయండి. బ్యూటీ పార్లర్‌లో అసలు వద్దు.

కొవ్వు సంచులు బాగా ముందుకొచ్చి ఉంటే ఫిల్లర్ కన్నా బ్లెఫరోప్లాస్టీ అనే సర్జరీ మేలు. రెప్ప లోపలి వైపు నుంచి చేసే పద్ధతిలో బయటికి కుట్టు కనిపించదు. అయితే ఉబ్బు ఈ మధ్యే, అకస్మాత్తుగా వచ్చిందా? అలాగైతే ముందు థైరాయిడ్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించుకోండి. అందానికి సర్జరీ ఆగుతుంది, కిడ్నీ ఆగదు.

కొన్ని చిన్న ప్రశ్నలకు చిన్న జవాబులు. కీరా ముక్కలు పెట్టుకోవచ్చా? పెట్టుకోండి, చల్లదనానికి ఉబ్బు కాసేపు తగ్గుతుంది, ఆ పని చల్లటి చెంచా కూడా చేస్తుంది. నిమ్మరసం? కంటి దగ్గరకు రానివ్వకండి, మంట పుట్టి, ఆ మంట మానాక ఇంకా నల్లబడుతుంది. నీళ్లు ఎక్కువ తాగితే నలుపు పోతుందా? పోదు. ఐ క్రీమ్ విడిగా కొనాలా? పరిమళం లేని మామూలు మాయిశ్చరైజర్ కంటికి మండకపోతే అదే చాలు. కంటి మూలల్లో పసుపు రంగు మెత్తటి బిళ్లలు వచ్చాయని రాసినాయన కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకోవాలి, ఆ తర్వాతే వాటిని తీయించే ఆలోచన. ఒక కంటి కిందే కొత్తగా నలుపు వచ్చినా, పుట్టుమచ్చ లాంటిది పెరుగుతున్నా, చూపు మారినా ఉత్తరం రాస్తూ కూర్చోకండి, వెంటనే డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: పది రోజుల్లో నాకు ఇంటర్వ్యూ ఉంది. అప్పటికి కళ్ల కింద నలుపు తగ్గాలి. టెన్షన్‌తో నిద్ర కూడా పట్టడం లేదు. వయసు 24.

జవాబు: పది రోజుల్లో తగ్గదు, కానీ కనిపించకుండా చేయవచ్చు. మీ చర్మం రంగు కన్సీలర్ నేరుగా రాస్తే బూడిద రంగు తేలుతుంది, చాలామంది అక్కడే విసుగెత్తి ఇంకో పొర వేస్తారు. ముందు నారింజ లేదా పీచ్ రంగు కరెక్టర్ పలచగా, నల్లగా ఉన్నంత మేరే అద్దండి. అది నీలాన్ని, గోధుమ నలుపును చంపుతుంది. దాని మీద కన్సీలర్ కొంచెం. రుద్దకండి, వేలి కొసతో అద్దండి. పౌడర్ ఎక్కువ వేస్తే గీతల్లో చేరి లేని ముడతలు కనిపిస్తాయి. ఇప్పుడే ఒకసారి వేసుకుని పగటి వెలుగులో చూసుకోండి.

ఈ పది రోజులూ పీల్ చేయించుకోవడం, లేజర్, కొత్త రెటినాల్, ఎవరో పంపిన చిట్కా, ఏదీ వద్దు. ఎర్రబడితే దాచడం ఇంకా కష్టం. నిద్ర పట్టకపోతే పడుకునే గంట ముందు ఫోను ఇంకో గదిలో పెట్టండి. ముందురోజు రాత్రి ముఖానికి కొత్తగా ఏమీ రాయకుండా పడుకోండి.